డ్రైవరమ్మ తెచ్చిన లెన్సు

"నెలాఖరు దాకా చూస్తా మైక్రాన్. ఆ తర్వాత నన్ను అనొద్దు" అని మా ఓనరు చెప్పిన రోజు నుంచి నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే ఎక్కడికెళ్లాలో తెలిసేది కాదు. ఇంట్లో తలుపు బందులు, గోడ గడియారం, కుక్కరు మూత, ఏదీ నా స్క్రూడ్రైవరు నుంచి తప్పించుకోలేదు. బాగున్న గడియారాన్ని విప్పి రోజుకి రెండు నిమిషాలు వెనక్కి నడిచేలా చేశాక, మా ఆవిడ తన కుట్టు మిషనుకి దుప్పటి కప్పేసి "దీని జోలికొస్తే మాత్రం మర్యాదగా ఉండదు" అంది.

మైక్రాన్ నా పేరు కాదు. మిల్లీమీటరులో వెయ్యో వంతుని మైక్రాన్ అంటారు. అంత తేడాకి కూడా నేను గొడవపడతానని పనిచేసే చోట కుర్రకారు పెట్టిన పేరది. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు జీతం కాగితం మీద అసలు పేరు కనిపిస్తే ఇదెవరా అనుకుంటాను.

మాది కెమెరాలు బాగుచేసే సర్వీసు సెంటరు. వీధి వైపు అద్దాల కౌంటరు. దాని వెనక ఏడు మీటర్ల పొడుగు నడవ. నడవకి ఆ చివర గోడ మీద సన్నని నల్ల గీతలతో మనిషెత్తు చార్టు, ఈ చివర నా బల్ల. పాత కెమెరాల్లో లోపల ఒక అద్దం ఉండేది. ఫోకస్ కొలిచేది ఒక చోట, ఫొటో పడేది మరో చోట. ఆ రెంటికీ మధ్య వెంట్రుకవాసి తేడా వచ్చినా, కంటి మీద పెట్టిన ఫోకస్ వెళ్లి చెవి మీద కూర్చునేది. ఆ తేడాని సరిచేయడమే నా పని. లెన్సుని కెమెరాకి బిగించి, చార్టు వైపు చూపించి, గీతలు కత్తిరించినట్టు పడేదాకా ఊరుకునేవాణ్ణి కాదు. ఇరవై రెండేళ్లు అదే చేశాను.

ఇప్పుడేమో అద్దం తీసేశారు. ఫొటో పడే చోటే ఫోకస్ కూడా కొలుస్తుంది. తేడా రావడానికి మధ్యలో ఏమీ లేదు. పైగా ఈ మిర్రర్‌లెస్ కెమెరాలు మనిషి కన్నెక్కడుందో వెతికి పట్టుకుంటాయి, మనిషి పరిగెడితే కంటి వెంట పరిగెడతాయి. ఇంకేదైనా తక్కువైతే ఇంట్లో కూర్చుని మీట నొక్కితే చాలట, లెన్సు తనంతట తనే మెరుగవుతుందట. స్క్రూలు తిప్పీ తిప్పీ వేళ్లకి కాయలు కాసిన వాడికి ఆ మాట చెప్తే ఎలా ఉంటుంది?

నా బల్ల మీదికి పని రావడం ఆగిపోయింది. నడవని కొట్టేసి, అక్కడ జనం కొత్త లెన్సులు పట్టుకుని చూసుకునేలా షోకేసులు పెట్టించాలని ఓనరు పట్టుదల. కొలతలు తీసుకునే మనుషులు కూడా వచ్చి వెళ్లారు. నేను గట్టిగా అరిస్తే ఒక్క మెట్టు దిగాడు.

"సరే, ఈ కొత్తవాటిలో నీ బల్ల మీద తప్ప ఇంకెక్కడా దొరకని లోపం ఒక్కటంటే ఒక్కటి చూపించు. నడవ నీదే. చూపించలేకపోతే ఒకటో తారీకు నుంచి ముందుకొచ్చి కౌంటర్లో కూర్చో."

కౌంటర్లో ఉండేది మా పెద్దమ్మాయి ఈడు పిల్ల. నన్ను బాబాయ్ గారూ అంటుంది. మంచిదే. కొత్త కెమెరాల మెనూలన్నీ నోటికి వచ్చు. ఆ పిల్ల పక్కన స్టూలేసుకుని, ఏ మీట నొక్కాలమ్మా అని అడగడం తలుచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు.

సరిగ్గా అప్పుడు, మంగళవారం పొద్దున్న, డ్రైవరమ్మ వచ్చింది.

సిటీ బస్సు నడుపుతుందట. డ్యూటీ చొక్కాతోనే వచ్చింది, నడుముకి తాళాల గుత్తి. కొత్త మిర్రర్‌లెస్ కెమెరా, దానికి ముఖాలు తీయడానికి వాడే పెద్ద గాజు లెన్సు. ముఖం మాత్రం స్పష్టంగా వచ్చి, వెనకున్నదంతా పొగమంచులా కరిగిపోయే రకం. కౌంటర్ అమ్మాయి పరీక్ష చేసి "అంతా బావుంది మేడమ్" అని చెప్పినా కదల్లేదు.

"బాగాలేదు. పాత లెన్సుతో ఇలా లేదు. ఇది వచ్చాకే ఇలా" అంటోంది.

లోపం అన్న మాట చెవిన పడగానే నేను నడవలోంచి ఊడిపడ్డాను. "ఏమైందమ్మా? ఎక్కడ మసకగా వస్తోంది?"

"మసక కాదండీ. మా అమ్మాయి ఫొటోలు. వెంట్రుకలతో సహా లెక్కపెట్టొచ్చు. కానీ..." ఆవిడ చేతిలో తాళాలు తిప్పింది. "తీసేటప్పుడు పిల్ల నన్నే చూస్తూ ఉంటుంది. ఫొటోలో చూడదు."

"చూడదంటే?"

"అదే నాకూ తెలీక మీ దగ్గరికొచ్చా. దానికి పదేళ్లు. ఫొటో అంటేనే పారిపోతోంది ఇప్పుడు. 'అది నేను కాదమ్మా, ఎవరో బొమ్మ' అంటోంది. నాకు ఒక్క ఫొటో కావాలండీ. అది చూసి ఇది నేనే అనుకోవాలి. అంతే."

కౌంటర్ అమ్మాయి నా వైపు చూసింది, ఇదేం రిపేరు అన్నట్టు. నేను మాత్రం ఆవిడ చెప్పిన దాంట్లో నాకు కావలసిన ముక్క ఒక్కటే విన్నాను. కొత్త లెన్సు, లోపం. శనివారం రమ్మని చెప్పి కెమెరా, లెన్సు, ఫొటోలున్న కార్డు మూడూ తీసుకున్నాను. నెత్తిన పాలు పోసినట్టుంది నాకు.

మధ్యాహ్నం భోజనం మానేసి చార్టు ముందు పెట్టాను. దగ్గర నుంచి, దూరం నుంచి, వెలుతురు పెంచి, తగ్గించి. తీసిన ప్రతి ఫొటోలో గీతలు మధ్యలోనూ అంచుల్లోనూ ఒకేలా, కొత్త బ్లేడుతో కోసినట్టున్నాయి. సాయంత్రానికి నూట నలభై ఫొటోలయ్యాయి. అన్నీ అలాగే. ఇరవై రెండేళ్లలో అంత చక్కని లెన్సు నా బల్ల మీదికి రాలేదు. దాన్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది.

బుధవారం పొద్దున్నే దాన్ని విప్పాను.

విప్పకూడదు. విప్పాల్సిన అవసరం ఏమీ లేదు. స్క్రూల నెత్తిన కంపెనీ వాళ్లు వేసిన ఎర్ర రంగు చుక్క ఉంటుంది, అది గీకామంటే గ్యారంటీ పోయినట్టే. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే, లోపల ఎక్కడో ఏదో ఉండే ఉంటుంది, ఉండాలి, అని గీకాను. దొంగ చేతులు వణుకుతాయంటారు గానీ నావి వణకలేదు. అన్నాళ్లకి పని దొరికిందని ఉత్సాహంగా ఉన్నాయి.

వెనక చక్రం ఊడదీస్తే నాలుగు స్క్రూల కిందా నాలుగు పల్చటి రేకులు. కాగితం కంటే పల్చన. చూడ్డానికి నాలుగూ ఒకటే, కానీ ఒక్కోటి ఒక్కో మందం. లెన్సు నిటారుగా కూర్చోడానికి ఎక్కడ ఎంత కావాలో చూసి ఫ్యాక్టరీలో పెడతారు. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ మొదటి రోజు నేను చెప్పేది ఒకటే. విప్పే ముందు గుర్తు పెట్టు. ఒకడు గుర్తు పెట్టలేదని వారం రోజులు వాడితో మాట్లాడలేదు నేను.

"మైక్రాన్! ఉన్నావా?" అని నడవలో ఓనరు గొంతు వినిపించింది. ఎర్ర రంగు గీకిన లెన్సు నా ముందుంది. గభాలున చక్రం పక్కకి లాగాను. నాలుగు రేకులూ ట్రేలో ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఏది ఎక్కడిదో ఇక దేవుడికే తెలియాలి.

ఆయన ఎవరిదో ఫోనొస్తే వెనక్కి మళ్లాడు. నేను చేతికొచ్చిన వరసలో రేకులు పెట్టి, బిగించి, చార్టుని ఒక ఫొటో తీశాను. ఎడమ సగం బావుంది. కుడి సగం గీతలు బూజు పట్టినట్టున్నాయి. కంప్యూటర్ తెర మీద అదలా ఉండగానే ఓనరు మళ్లీ వచ్చి నా భుజం మీంచి తొంగి చూశాడు.

"ఇదేంటి? ఆ బస్సావిడ లెన్సేనా?"

"ఆ."

"కొత్తదే కదా! కుడి పక్కంతా పోయింది!" ఆయన ముఖం వెలిగిపోయింది. "దొరికిందన్నమాట! మన అమ్మాయికి దొరకనిది నీకు దొరికింది! ఒప్పుకున్నానయ్యా మైక్రాన్, ఒప్పుకున్నా."

నేను అవునన్లేదు. కాదనీ అన్లేదు. నా ముందే ఫోన్ తీసి షోకేసుల వాళ్లకి ప్రస్తుతానికి వద్దని చెప్పేశాడు. అందరికీ టీలు తెప్పించాడు. కౌంటర్ అమ్మాయి టీ గ్లాసు నా బల్ల మీద పెడుతూ లెన్సు వైపు చూసింది.

"బాబాయ్ గారూ, స్క్రూ మీద రంగు ఎవరు గీకారు?"

"నీ పని నువ్వు చూసుకో" అన్నాను. ఆ పిల్ల మారు మాట్లాడకుండా వెళ్లిపోయింది. అరిచి ఉంటే బావుండేది.

నాలుగు రేకులు, నాలుగు చోట్లు. ఇరవై నాలుగు రకాలుగా పెట్టొచ్చు. ప్రతిసారీ నాలుగు స్క్రూలు విప్పడం, రేకులు పట్టకారుతో మార్చడం, బిగించడం, చార్టు తీయడం, తెర మీద మూలమూలా చూడడం. ఒక్కోసారికి నలభై నిమిషాలు. కాగితం మీద వరసలు రాసుకుని ఒక్కోటే కొట్టేస్తూ పోయాను. బుధవారం సాయంత్రానికి ఏడు. గురువారం పది. మధ్యలో ఎవరైనా నడవలోకి వస్తే లెన్సు మీద గుడ్డ కప్పేవాణ్ణి, అచ్చం మా ఆవిడ మిషనుకి కప్పినట్టు.

గురువారం ఇంట్లో కంచం ముందు కూర్చుని కెలుకుతుంటే మా ఆవిడ అడిగింది. "నడవ మీకే ఉంచేశాడన్నారుగా. మరి ఈ ముఖమేంటి?"

"ఏం, బాలేదా నా ముఖం?"

"ఎప్పుడు బావుంది గనక! ఇవాళ ఇంకా బాలేదు. ఏదో చేసొచ్చారు."

"నీకెలా తెలుసు?"

"ఇంటికొచ్చి గంటైంది. ఇంకా ఏ వస్తువుకీ వంక పెట్టలేదు."

నిజమే. తలుపు కిర్రుమంటోంది, వినిపిస్తూనే ఉంది, లేవబుద్ధి కాలేదు. ఇంకొకళ్ల తప్పు ఎంచడానికి ముఖం చెల్లలేదు నాకు.

శుక్రవారం మధ్యాహ్నం పందొమ్మిదో వరసకి చార్టు నాలుగు మూలలా గీతలు నిలబడ్డాయి. మూడుసార్లు తీసి చూశాను. అంతే, మంగళవారం ఎలా వచ్చిందో అలా ఉంది. అంటే ఏ లోపమూ లేకుండా. నేను చెమట తుడుచుకుని కుర్చీలో వాలానో లేదో, ఓనరు టైపు కొట్టించిన కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"లోపం: లోపలి అమరిక పక్కకి జరిగింది. పరీక్ష బల్ల మీద గుర్తించి సరిచేశాం." కింద నా సంతకానికి ఖాళీ. "దీన్ని ఫ్రేము కట్టించి కౌంటర్లో పెడతా. నీ నడవకి ఇక ఢోకా లేదు" అని నవ్వుతూ వెళ్లాడు.

కలం మూత తీశాను. అందులో ఏముంది? లెన్సు బాగానే ఉంది, ఆవిడ సంతోషంగా తీసుకెళ్తుంది, నా బల్ల నాకుంటుంది, ఎవరికీ నష్టం లేదు. ఇలా నాకు నేనే నచ్చజెప్పుకుంటుంటే కౌంటర్ అమ్మాయి వచ్చి నిలబడింది.

"బాబాయ్ గారూ, ఆవిడ కార్డులో ఫొటోలు చూశారా?"

"దేనికి? చార్టు చూశాగా."

"ఆవిడ చార్టు గురించి చెప్పలేదు కదండీ. పిల్ల గురించి చెప్పింది."

కోపమొచ్చింది. వచ్చినా, అందులో అబద్ధమేమీ లేదు. ఇరవై రెండేళ్లలో నేను ఎవరి ఫొటోలూ చూడలేదు. గీతలే చూశాను. కార్డు పెట్టి తెరిచాను. మూడొందల పన్నెండు ఫొటోలు. ఒకటే పిల్ల. ఉయ్యాల మీద, బస్సు మెట్టు మీద, కిటికీ పక్కన, వంటింట్లో గిన్నె పట్టుకుని. బొద్దుగా, నుదుటి మీద పడే జుట్టుతో. పెద్దది చేసి చూశాను. ఎడమ కన్ను అద్భుతంగా ఉంది, రెప్ప వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయి. కుడి కన్ను కొంచెం మెత్తగా. ఈ రకం లెన్సుతో అంతే, మామూలు లెన్సులా రెండు కళ్ల మీదా కాక ఒక కంటి మీదే నిలుస్తుంది. దగ్గరున్న కన్నుని కెమెరా పట్టుకుంటుంది. దాని పని అది సరిగ్గానే చేసింది.

కానీ ఆవిడ చెప్పింది నిజం. పిల్ల చూడట్లేదు.

అలవాటు కొద్దీ రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టాను. ఒకటి మిట్టమధ్యాహ్నం ఎండలో, ఇంకోటి మసక వెలుతురు వంటింట్లో. ఎండలో కంటిపాప చిన్నదవ్వాలి, చీకటి గదిలో పెద్దదవ్వాలి. ఎవరికైనా అంతే. ఎడమ కంటిపాప రెంటిలోనూ ఒక్కటే సైజుంది. స్కేలు తీసి తెర మీద కొలిచాను. ఇంకో ఫొటో. ఇంకోటి. ఇరవై ఏడు ఫొటోల్లో కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు. మసగ్గా ఉన్న కుడి కంటిపాప మాత్రం ఎండకి ముడుచుకుంటోంది, నీడకి విచ్చుకుంటోంది.

స్కేలు కింద పెట్టేశాను. నేను కొలుస్తున్నది ఒక పసిపిల్ల ముఖాన్నని అప్పుడు తట్టింది. సిగ్గేసింది. ఆ ఎడమ కన్ను నిజమైంది కాదు, చేయించి పెట్టింది. ఎంత బాగా చేశారంటే, ఎదురుగా నిలబడ్డా ఎవరూ పోల్చుకోలేరు. కెమెరా కూడా పోల్చుకోలేదు. కన్ను కనిపించింది, పట్టుకుంది. ప్రాణమున్న కన్ను పక్కనే ఉండి, ప్రతి ఫొటోలోనూ మసకబారింది.

కౌంటర్ అమ్మాయి కూడా చూసింది. తర్వాత మెల్లగా "మెనూలో కుడి కన్ను అని పెడితే సరిపోతుంది బాబాయ్ గారూ. మూడు మీటలు" అంది.

మూడు మీటలు! నేను మూడు రోజులు నాలుగు రేకులతో చచ్చాను.

"అది సరేగానీ, ఆవిడ అన్నీ ఎడమ పక్క నుంచే ఎందుకు తీసింది?" అన్నాను. లెక్కపెట్టాం. మూడొందల పన్నెండులో నాలుగైదు తప్ప అన్నీ అటు నుంచే. కౌంటర్ అమ్మాయికీ తెలియలేదు. కాగితం మీద సంతకం పెట్టకుండానే ఇంటికెళ్లాను. తెల్లవార్లూ మా ఆవిడ "దొర్లడం ఆపుతారా, నన్ను కింద పడుకోమంటారా" అంటూనే ఉంది.

శనివారం పదింటికి డ్రైవరమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. తలుపు తీసుకుని లోపలికి వస్తుంటే చూశాను. ఆవిడ పిల్ల ఎడమ చెయ్యి పట్టుకుని, ఎడమ పక్కనే నడుస్తోంది. కుర్చీలో కూర్చోబెట్టి, తను ఎడమ పక్క నిలబడింది. పిల్ల షోకేసు చూడ్డానికి అటు తిరిగితే, తనూ చుట్టూ తిరిగి మళ్లీ ఎడమ పక్కకే వచ్చింది. ఆలోచించి చేస్తున్నది కాదది. ఊపిరి పీల్చినట్టు చేస్తోంది.

ఓనరు టైపు కాగితం పట్టుకుని ముందుకొచ్చాడు. "మావాడు మీ లెన్సులో..."

"లెన్సులో ఏ లోపమూ లేదమ్మా" అన్నాను. ఒక్కసారి మొదలెట్టాక ఆగలేదు. "మంగళవారమే తెలిసింది నాకు. నాకే లోపం కావలసొచ్చి బుధవారం విప్పాను. విప్పి పాడుచేశాను. మళ్లీ మునుపటిలా చేశాను, నిన్నటికి అయింది. రంగు గీకింది నేనే, గ్యారంటీ పోయింది నా వల్లే. ఆ గ్యారంటీ మా వాళ్లు మీకు రాసిస్తారు."

ఓనరు నన్ను గుడ్లప్పగించి చూశాడు. ఆయన చేతిలో కాగితం అలాగే ఉంది. డ్రైవరమ్మకి సగం అర్థమైంది.

"మరి ఫొటోలు?"

"కెమెరా ఎడమ కన్ను పట్టుకుంటోందమ్మా" అని ఆగిపోయాను. పిల్ల ముందు ఇంకెలా చెప్పాలో తెలియలేదు.

పిల్ల నా వైపు మెడ తిప్పింది. "ఎడమదా? అది ఉత్తి కన్ను తాతయ్యా. దాంతో నాకు కనపడదు."

"ఎవరికీ చెప్పొద్దన్నానా!" తల్లి ముఖం ఎర్రబడింది. నా వైపు తిరిగింది. "మీకు ముందే తెలుసా? ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదమ్మా. ఎండలో చిన్నదవ్వలేదు. ఇరవై రెండేళ్లు గీతలు చూసిన కళ్లు, పట్టేసుకున్నాయి. తప్పుగా అనుకోకండి. ఒక్కటి అడుగుతా. ఎప్పుడూ అటు పక్క నుంచే తీస్తారెందుకు?"

ఆవిడ తను నిలబడిన చోటు వైపు చూసుకుంది, ఇప్పుడే గమనించినట్టు. "బస్సు నడిపేదాన్ని కదండీ. కనపడని పక్క నుంచే వచ్చి గుద్దుతారు ఎవరైనా. దీనికి రెండేళ్లప్పుడు కన్ను పోయింది. అప్పట్నుంచి నేను ఆ పక్కే ఉంటా. రోడ్డు మీదా, ఇంట్లోనూ. అటు ఎవరో ఒకరుండాలి కదా."

"అందుకే నాకు నువ్వు కనపడవు" అంది పిల్ల.

కోపంతో అన్లేదు. ఫిర్యాదు కూడా కాదు. ఉన్న సంగతి చెప్పింది. "అందరూ కనపడతారు. నువ్వే కనపడవు. మెడ మొత్తం తిప్పితేనే."

బయట ఏదో బండి హారన్ కొట్టుకుంటూ పోయింది. డ్రైవరమ్మ చేతిలో తాళాలు చప్పుడు చేయడం మానేశాయి.

"ఇటు రండమ్మా" అని కెమెరా ఆవిడ చేతికిచ్చాను. "కుడి పక్కకి. ఇక్కడ నుంచి తీయండి."

రెండడుగులు. ఆవిడకి ఆ రెండడుగులూ పడలేదు. ఒక అడుగు వేసి, పిల్ల ఎడమ పక్క ఖాళీ వైపు చూసి ఆగిపోయింది. అక్కడ తలుపు తప్ప ఏమీ లేదు, తలుపు కూడా మూసే ఉంది. అయినా కాలు రావట్లేదు. అప్పుడు మా కౌంటర్ అమ్మాయి బల్ల వెనక నుంచి బయటికొచ్చి, ఆ ఖాళీలో నిలబడింది. పిల్ల భుజం మీద చెయ్యేసింది.

"నేనున్నా లెండి ఇక్కడ. మీరెళ్లండి."

డ్రైవరమ్మ ఇటు వచ్చింది. పిల్ల కళ్లెత్తింది. మెడ తిప్పే పని లేకుండా, ఉన్న చోటి నుంచే తల్లి కనిపించింది దానికి. అంతే, ముఖం మొత్తం మారిపోయింది. పన్ను ఊడిన సందు కనపడేలా నవ్వుతూ ముందుకి ఒంగింది. ఆవిడ కెమెరా ఎత్తింది. మీట నొక్కిన చప్పుడైంది, ఆవిడ కెమెరా దించలేదు. దాని వెనకే ఏడుస్తోంది. నేనూ నడవలోకెళ్లి కాసేపు చార్టు చూస్తూ నిలబడ్డాను. గీతలన్నీ అలికేసినట్టున్నాయి.

వాళ్లు వెళ్లాక ఓనరు బల్ల దగ్గరికొచ్చాడు. "ఒక్క సంతకం! కళ్లు మూసుకుని గీకేస్తే నడవ నీదయ్యేది కదయ్యా! ఆ పిల్ల సంగతి నువ్వెలాగూ చెప్పేవాడివి. ఈ లెన్సు సంగతి ఎందుకు చెప్పావ్?"

ఆయన చేతిలోని టైపు కాగితం తీసుకుని, తిరగేసి, వెనక ఖాళీలో నా చేత్తో రాశాను. "లోపం లేదు. అనవసరంగా విప్పింది నేను." కింద సంతకం పెట్టాను. అసలు పేరే. ఆయన దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకుని, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే తేలికయ్యేది.

ఒకటో తారీకున మనుషులొచ్చి చార్టు చుట్టేశారు. గోడ మీద అది ఉన్నంత మేర తెల్లగా ఉంది. నా బల్ల రెండు ముక్కలు చేసి తీసుకెళ్లారు. నేను చూడకూడదనుకుని చూశాను.

ఇప్పుడు ముందు కౌంటర్లో స్టూలు మీద కూర్చుంటున్నాను. అమ్మాయి మెనూలు నేర్పుతోంది. రోజుకి రెండుసార్లు దాని మీద అరుస్తాను, అది నా మీద మూడుసార్లు అరుస్తుంది. చేతులు ఇంకా ఊరుకోవు. వచ్చిన వాళ్ల కెమెరా మూతలు బిగిస్తుంటాయి, వదులు చేస్తుంటాయి. రాత్రి పడుకున్నా స్క్రూడ్రైవరు పట్టుకున్నట్టే ముడుచుకుని ఉంటాయట, మా ఆవిడ చెప్పింది.

రెండు వారాలకి డ్రైవరమ్మ వచ్చింది. బస్సు వీధి చివర నిలిపి, గబగబా వచ్చి ఒక కవరు ఇచ్చింది. ఆ రోజు తీసిన ఫొటో, కాగితం మీద వేయించింది.

"మీకిమ్మంది. ఇంకోటి తన దిండు కింద పెట్టుకుంది. ఎలా వచ్చిందో చూడండి" అని అక్కడే నిలబడింది.

సొరుగులోంచి భూతద్దం తీశాను. అలవాటు పోతుందా? కుడి కంటి మీద పెట్టి చూశాను. కొంచెం పక్కకి జరిపాను. ఫోకస్ కంటి మీద లేదు. మీట నొక్కే క్షణాన పిల్ల నవ్వుతూ ముందుకి ఒంగింది కదా, ఫోకస్ కాస్తా వెనక్కి పోయి చెవి దగ్గర జుట్టు మీద పడింది. వెంట్రుకవాసి తేడా. పాత రోజుల్లో అయితే లెన్సు మళ్లీ పట్టుకురమ్మని ఆవిడ వెంటపడేవాణ్ణి.

"బావుందా?" అంది ఆవిడ, వీధి చివర బస్సు వైపు ఒకసారి చూసుకుంటూ.

భూతద్దం సొరుగులో పెట్టేసి, ఫొటోని చెయ్యంత దూరంలో పట్టుకుని చూశాను. పిల్ల వాళ్లమ్మని చూస్తోంది.

"బావుందమ్మా" అన్నాను.